18 మీద 18 సున్నాలు ఉన్నా బోర్ ఎందుకు కొడుతుంది

ఓపెన్ వరల్డ్ గేమ్ (పెద్ద ప్రపంచంలో ఎటైనా తిరగనిచ్చేది) ఏది వచ్చినా ట్రైలర్‌లో దూరంగా ఒక కొండ చూపిస్తారు, చూపించి "అదిగో ఆ కనిపిస్తోందే, అక్కడికి కూడా వెళ్ళిపోవచ్చు" అంటారు. ఇన్నేళ్ళుగా వింటున్నా ఆ మాట నా మీద పనిచేస్తూనే ఉంది, ప్రతిసారీ పడిపోతా. కానీ కొండెక్కాక ఏంటి అన్నది ఏ ట్రైలర్‌లోనూ ఉండదు. ఎక్కుతాం, చుట్టూ చూస్తాం, ఒక స్క్రీన్‌షాట్ తీస్తాం, ఇంకో కొండ కనిపిస్తుంది. రెండోది కూడా ఎక్కుతాం. పదోది ఎక్కుతామా? నూరోది? ఇలాంటి గేమ్‌లు నెలలూ సంవత్సరాలూ మనల్ని పట్టి ఉంచగలవా, లేకపోతే మొదటి వారం మోజేనా అని నాకు ఎప్పట్నుంచో ఒక డౌట్, ఇప్పుడు దాని మీద నాకో గట్టి అభిప్రాయమే ఏర్పడింది కాబట్టి రాసేస్తున్నా, కాస్త పెద్దగానే ఉంటుంది.

దీని గురించి మాట్లాడాలంటే నో మ్యాన్స్ స్కై అనే స్పేస్ గేమ్ దగ్గరే మొదలుపెట్టాలి, వేరే దారి లేదు. 2013 డిసెంబర్‌లో ఒక అవార్డుల షోలో మొదటిసారి చూపించారు, 2016 ఆగస్టులో వచ్చింది. హలో గేమ్స్ అని చాలా చిన్న టీమ్. వాళ్ళు చెప్పిన నంబర్ 18,446,744,073,709,551,616 గ్రహాలు. 18 మీద 18 సున్నాలు అనుకోండి ఈజీగా ఉంటుంది. 64 బిట్లలో ఎన్ని రకాల నంబర్లు పడతాయో అన్ని గ్రహాలన్నమాట, ఏదీ ఎవరూ చేత్తో గియ్యలేదు, మీరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఫార్ములా అప్పటికప్పుడు కొండలు, గడ్డి, జంతువులు అన్నీ లెక్కకట్టి ముందు పెడుతుంది. ఒక్కో గ్రహం మీద ఒక్క సెకను నిలబడినా మొత్తం చూడటానికి 58 వేల కోట్ల సంవత్సరాలు దాటుతుంది. అంటే "కంటెంట్ అయిపోయింది" అనే మాటకే ఛాన్స్ లేని గేమ్, కాగితం మీద.

మరి జరిగిందేంటి? రిలీజైన వారంలో స్టీమ్ అనే పీసీ గేమ్‌ల స్టోర్‌లో ఒకేసారి 2 లక్షల మందికి పైగా ఆడుతున్నారు, కొన్ని వారాల్లోనే ఆ లెక్క వేలల్లోకి పడిపోయింది. చెప్పిన ఫీచర్లు లేవు, ఇద్దరు ఆటగాళ్ళు ఒకే చోటికి వెళ్ళినా ఒకరికొకరు కనపడలేదు, దాని మీద జరిగిన గొడవ అందరికీ తెలిసిందే. ఆ కోపంలో న్యాయం ఉంది, నేను కాదనను. కానీ నా లెక్కలో అసలు కారణం అది కాదు. చెప్పినవన్నీ మొదటి రోజే ఇచ్చినా జనం అలాగే వెళ్ళిపోయేవాళ్ళని నా అనుమానం, కాకపోతే తిట్టకుండా వెళ్ళిపోయేవాళ్ళు, అంతే తేడా.

ఎందుకంటే ఒక పాతిక ముప్ఫై గ్రహాలు తిరిగేసరికి మనకి తెలియకుండానే ఆ ఫార్ములా అర్థమైపోతుంది. ఆకాశంలోంచి చూడగానే ఇది విషపు వానల గ్రహం, గడ్డి ఈ రంగు, కొండలు ఈ ఆకారం, జంతువులు నాలుగు కాళ్ళవి రెండు రకాలు రెక్కలవి ఒక రకం అని దిగకముందే చెప్పేయొచ్చు. దిగి చూస్తే కరెక్టే. ఇంక దిగడం దేనికి? గ్రహాలు అయిపోలేదు, ఆశ్చర్యం అయిపోయింది. చోట్లు ఎన్నున్నాయన్నది ఇక్కడ లెక్కే కాదు, వాటిని పుట్టిస్తున్న రూల్స్ ఎన్ని, వాటిని మన బుర్ర ఎంత త్వరగా పట్టేస్తుంది అన్నదే లెక్క. బుర్ర చాలా త్వరగా పట్టేస్తుంది, దానికి అదే పని.

కేట్ కాంప్టన్ అని స్పోర్ గేమ్‌కి పనిచేసిన డిజైనర్ దీనికి భలే పోలిక చెప్పింది. పదివేల గిన్నెల ఓట్స్ జావ కాయండి, ఏ రెండు గిన్నెల్లోనూ గింజలు ఒకేలా సర్దుకుని ఉండవు, లెక్క ప్రకారం ప్రతి గిన్నే ప్రత్యేకమే, కానీ చూసేవాడికి కనిపించేది మాత్రం బోలెడంత జావ. 18 మీద 18 సున్నాలంటే అదే, ఇంకొంచెం ఎక్కువ గిన్నెలు.

తమాషా ఏంటంటే ఈ విషయం 1984లోనే ఒకళ్ళకి తెలుసు. డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జ్ కుర్రాళ్ళు బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ మీద, 32 కేబీ మెమరీలో, ఎలీట్ అనే స్పేస్ గేమ్ రాశారు. గ్రహాల పేర్లు, వివరాలు దాచుకునే చోటు లేదు కాబట్టి వాళ్ళూ ఫార్ములాతోనే పుట్టించారు. ఆ ఫార్ములాతో 282 లక్షల కోట్ల గెలాక్సీలు వస్తాయి, అన్నీ పెట్టేద్దాం అనుకున్నారంట. పబ్లిషర్ ఎకార్న్‌సాఫ్ట్ వాళ్ళు వద్దన్నారు, అన్ని పెడితే వెనకాల లెక్క ఉందని ఆడేవాళ్ళకి తెలిసిపోతుంది, తగ్గించమన్నారు. చివరికి 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 నక్షత్రాలు, అంతే. ఆ పబ్లిషర్ ఆఫీసులో ఆ రోజు ఈ మాటన్నది ఎవరో గానీ, తర్వాత ముప్ఫై ఏళ్ళ పాటు నంబర్లు చెప్పుకుని గేమ్‌లు అమ్మినవాళ్ళందరి కన్నా బాగా అర్థమైంది వాళ్ళకి.

సరే, ఫార్ములా వద్దు, అంతా చేత్తోనే కట్టేస్తే పోలేదా అంటారు. బెథెస్డా అనే గేమ్ కంపెనీ వాళ్ళు ఆ రెండు దారులూ చూశారు. 1996లో డాగర్‌ఫాల్ వచ్చింది, దాని మ్యాప్ దాదాపు బ్రిటన్ దేశమంత, వేల ఊళ్ళు, నేలమాళిగలు, ఎక్కువ భాగం కంప్యూటర్ పుట్టించినవే, ఏ ఊరెళ్ళినా ఇందాకటి ఊరే మళ్ళీ. తర్వాతిది మారోవిండ్, 2002లో వచ్చింది, దాంట్లో ఉన్నది ఒక చిన్న దీవి, కానీ ఎక్కడ ఏ రాయి ఉండాలో మనిషి కూర్చుని పెట్టాడు. పైగా మ్యాప్ మీద బాణం గుర్తు ఉండదు, "ఆ వంతెన దాటి ఎడమకి తిరుగు, కొండ పక్కన గుహ ఉంటుంది" అని ఊళ్ళో ఎవరో చెప్పింది గుర్తుపెట్టుకుని పోవాలి. చోటు వేల వంతు తగ్గింది, జనానికి మాత్రం పెద్దదిగా అనిపించింది. (మళ్ళీ అదే కంపెనీ 2023లో స్టార్‌ఫీల్డ్ అని వెయ్యికి పైగా గ్రహాలతో వచ్చింది, ఒకే ల్యాబ్ వేరే వేరే గ్రహాల మీద, లోపల అవే గదులు, అవే వస్తువులు. మనుషులు తిరిగి తిరిగి అక్కడికే వస్తారేమో.)

చేత్తో కట్టినవాటిలో నాకు బాగా నచ్చింది నింటెండో వాళ్ళ జెల్డా గేమ్ బ్రెత్ ఆఫ్ ద వైల్డ్. 2017లో జపాన్‌లో సెడెక్ అనే గేమ్ డెవలపర్ల సభలో దాన్ని చేసినవాళ్ళే వివరంగా చెప్పారు, భూమినంతా త్రికోణాలుగా ఆలోచించారంట. ఎదురుగా త్రికోణం లాంటి కొండ ఉంటే ఎక్కాలా చుట్టూ తిరిగి పోవాలా అని ఆటగాడు తేల్చుకోవాలి, ఎటు పోయినా దాని వెనక దాగున్నదేదో మెల్లగా బయటపడుతుంది, దాన్ని చూసి అటు పోతుంటే ఇంకోటి. అందుకే ఆ గేమ్‌లో ఎక్కడికో బయల్దేరి అక్కడికి తప్ప అన్నిచోట్లకీ వెళ్తాం. కానీ అది కూడా ఎప్పటికో అప్పటికి అయిపోతుంది కదా. 900 కొరోక్ గింజలు దాచారు, మన సంచీ పూర్తిగా పెంచుకోవడానికి 441 చాలు, మిగతావన్నీ కూడా ఏరుకొచ్చినవాడికి దక్కేది బంగారు రంగు పేడముద్ద. నిజంగా. నాకైతే అది చేసినవాళ్ళ జోక్ కన్నా ఒక హెచ్చరికలా అనిపిస్తుంది, దొరికినంత చాలు, జాబితా పట్టుకుని ఊడ్చకండి అని. అయినా మ్యాప్ పక్కన పెట్టుకుని ఒక్కో గుర్తూ కొట్టేసుకుంటూ మొత్తం 900 తెచ్చిన వాళ్ళున్నారు, వాళ్ళని ఎక్స్‌ప్లోర్ చేశావా అని అడిగితే ఏమంటారో.

ఇంకో రకం ఉంది, అసలు ఎక్కువకాలం పట్టి ఉంచాలన్న ఉద్దేశమే లేనిది. 2019లో వచ్చిన ఔటర్ వైల్డ్స్. చిన్న సౌరమండలం, 22 నిమిషాలకోసారి అంతా మొదటికొస్తుంది, ఆయుధాలు లేవు, లెవెల్స్ లేవు, మొదట్లో ఉన్న ఓడే చివరి దాకా. పెరిగేది మనకి తెలిసిన విషయం ఒక్కటే. తెలిసినవాడైతే మొదట్లోనే వెళ్ళి గేమ్ పూర్తి చేసెయ్యొచ్చు, తెలియదు కాబట్టే ఎన్నో గంటలు పడుతుంది. ఒకసారి పూర్తి చేశాక మళ్ళీ ఆడలేం, తెలిసినదాన్ని మర్చిపోలేం కదా. దాన్ని ఆడినవాళ్ళు ఇప్పుడు ఏం చేస్తారంటే వేరేవాళ్ళు మొదటిసారి ఆడుతున్న వీడియోలు చూస్తారు, నేనూ అంతే. ఎక్స్‌ప్లోరేషన్ అంటే అచ్చంగా ఇదే, తెలుసుకునే కొద్దీ కరిగిపోయేది. చూసిన చోటు చూడని చోటు కాకుండా పోవడమే కదా చూడడమంటే, ఇంక దాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి ఎలా ఆడతారు.

మరి బ్లాకులు తవ్వి వాటితో ఏదైనా కట్టుకునే మైన్‌క్రాఫ్ట్‌ని ఏళ్ళ తరబడి ఎలా ఆడుతున్నారు? 2009లో మొదటి వెర్షన్ బయటికొచ్చింది, 2023కి 30 కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి, దాంట్లోనూ ప్రపంచం ఫార్ములాయే పుట్టిస్తుంది, ఒక పక్క నించి ఇంకో పక్కకి 6 కోట్ల బ్లాకులు, అడవి ఎడారి మంచు సముద్రం అంతా మనకి తెలిసిన సరుకే. నో మ్యాన్స్ స్కైలో బోర్ కొట్టినవాడికి ఇక్కడ ఎందుకు కొట్టలేదు?

నాకు తట్టిన జవాబు ఇది. మైన్‌క్రాఫ్ట్‌లో మనం చూడ్డానికి తిరగం, ఏదో కావాలని తిరుగుతాం. ఇంటి కప్పుకి నల్ల ఓక్ చెక్క కావాలి, నల్ల ఓక్ అడవి మన చుట్టుపక్కల లేదు, కాబట్టి బయల్దేరతాం. దారిలో ఒక లోయ కనిపిస్తుంది, అరె ఇక్కడ వంతెన కడితే ఎంత బాగుంటుంది అనుకుంటాం, ఇంక చెక్క సంగతి తర్వాత. అదే లోయ నో మ్యాన్స్ స్కై మొదటి వెర్షన్‌లో ఉంటే ఫొటో తీసుకుని పోయేవాళ్ళం, అక్కడ దానితో చేసేది ఏమీ లేదు. ఒకే రకం లోయ వందసార్లు వచ్చినా ప్రతిసారీ మనకి కావల్సింది వేరేదైతే, ప్రతిసారీ వేరే లోయలాగే ఉంటుంది. చోట్లలో లేని కొత్తదనం మన అవసరంలోంచి వస్తుందన్నమాట.

ఈ సంగతి బాగా తెలిసి చేసిన గేమ్ వాల్‌హైమ్ అని నా అభిప్రాయం. 2021 ఫిబ్రవరిలో ఎర్లీ యాక్సెస్‌లో (అంటే పూర్తి కాకముందే అమ్మకానికి) వచ్చింది, చేసింది ఐదుగురు, నెల తిరిగేసరికి 50 లక్షల కాపీలు. దాంట్లో పోర్టల్స్ కట్టుకోవచ్చు, ఒకదాంట్లో దూరితే ఇంకోదాంట్లో తేలతాం, ఎంత దూరమైనా క్షణంలో. కానీ లోహాలు మాత్రం పోర్టల్‌లోంచి పోవు! రాగి, తగరం, ఇనుము ఏదైనా చేతిలో ఉంటే పోర్టల్ ఒప్పుకోదు. ఇనుమేమో చిత్తడి నేలల్లో, మునిగిపోయిన సమాధుల్లో దొరుకుతుంది, అది ఎక్కడో వేరే దీవిలో ఉంటుంది, కాబట్టి చచ్చినట్టు పడవ కట్టుకుని సముద్రం మీద వెనక్కి తెచ్చుకోవాలి. రాత్రి, తుఫాను, ఎదురుగాలి, వెనకాల పాము, పడవ నిండా ఇనుము. ఆ ఒక్క రూల్ తీసేస్తే సముద్రమంతా ఉత్త నీళ్ళు, మొదటిసారి అటు వెళ్ళినప్పుడు చూసేసిన నీళ్ళే. (తర్వాత ఆ రూల్ ఆపేసుకునే సెట్టింగ్ ఇచ్చారు, ఎవరిష్టం వాళ్ళది, నేను మాత్రం ముట్టుకోను.)

సబ్‌నాటికా అనే సముద్రం లోపలి గేమ్‌లో కూడా ఇదే, కాకపోతే నిలువుగా. మ్యాప్ ఇవ్వరు, ఆయుధాలు పెద్దగా ఉండవు. పైన లోతు తక్కువ నీళ్ళలో టైటానియం, రాగి ఏరుకుంటూ హాయిగా ఉంటాం. ఇంకొంచెం లోతుకి దిగే మెషీన్ చేసుకోవాలంటే ఇంకొంచెం లోతులో దొరికేదేదో కావాలి, దాంతో చేసినదానికి ఇంకా లోతులో దొరికే నికెల్ కావాలి, ఆఖరికి లావా పక్కన దొరికే కయనైట్ దాకా వెళ్తాం. "అక్కడికి కూడా వెళ్ళొచ్చు" అని ఎవరూ ఊరించరు. ఎవరైనా అటు వెళ్ళకుండా ఉండొచ్చు అంటే బాగుండు అనిపిస్తుంది, కింద ఉన్న పెద్ద జంతువుల అరుపులకి.

ఇప్పుడు మళ్ళీ నో మ్యాన్స్ స్కై దగ్గరికి రండి. ఆ గొడవ తర్వాత వాళ్ళు మూసుకుని వెళ్ళిపోకుండా ఏళ్ళ తరబడి ఫ్రీగా అప్‌డేట్స్ ఇస్తూ వచ్చారు, అందరూ మెచ్చుకునే కథే, కానీ ఏం ఇచ్చారో వరసగా చూడండి. 2016 నవంబర్‌లో ఫౌండేషన్, ఇల్లు కట్టుకోవడం. 2017 మార్చిలో పాత్‌ఫైండర్, నేల మీద తిరిగే బండ్లు. 2018 జులైలో నెక్స్ట్, నిజమైన మల్టీప్లేయర్, ఎట్టకేలకి మనుషులు కనపడ్డారు. 2019లో బియాండ్, అందరూ కలిసే ఒక స్టేషన్. అంటే ఆ మొదటి మూడేళ్ళూ వాళ్ళు తెచ్చినవాటిలో ముఖ్యమైనవన్నీ కొంప, బండి, పక్కింటివాళ్ళు. గ్రహాలు ఎన్నో పెంచడం అనేది వాళ్ళకి అసలు సమస్యే కాదు, తీర్చాల్సింది ఒక గ్రహాన్ని వదిలిపోవడానికి మనసు రాకుండా చెయ్యడం. గెలాక్టిక్ హబ్ అని ఆటగాళ్ళే ఒక మూల కొన్ని నక్షత్రాలు పంచుకుని అక్కడ కాలనీ కట్టుకున్నారు, అంత విశ్వం ఇస్తే జనం చేసిన మొదటి పని దాన్ని చిన్నది చేసుకోవడం.

ఇక్కడిదాకా బానే ఉంది గానీ నా థియరీకి అడ్డం తిరిగే ఒక జాతి ఉంది, వాళ్ళని వదిలేస్తే అన్యాయం. ఎలీట్ డేంజరస్‌లో ఎక్స్‌ప్లోరర్లు. ఇందాకటి ఎలీట్‌కి వారసుడే, 2014 డిసెంబర్‌లో వచ్చింది, మన పాలపుంత మొత్తం అసలు సైజులో, 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలు. వాళ్ళు చేసే పని ఏంటో చెప్తా: జంప్ (ఒక నక్షత్రం నుంచి ఇంకోదానికి), స్కానర్ నొక్కు, నక్షత్రం అంచున ఎగిరి ఇంధనం నింపుకో, మళ్ళీ జంప్. ఇంధనం అన్ని నక్షత్రాల దగ్గరా దొరకదు, కేజీబీఫోమ్ అని గుర్తుపెట్టుకుంటారు, ఆ అక్షరాల రకం నక్షత్రాలే పనికొస్తాయి. ఇలా వేలసార్లు. 2019 జనవరిలో డిస్టంట్ వరల్డ్స్ 2 అని 10 వేల మందికి పైగా కలిసి గెలాక్సీ ఆ చివర బీగిల్ పాయింట్ దాకా, 65 వేల కాంతి సంవత్సరాల దూరం, నెలల తరబడి వెళ్ళారు. నా ఫ్రెండ్ ఒకడు ఈ బాపతే, "ఒకేలా ఉంటుంది కదరా, బోర్ కొట్టదా" అంటే "ఒకేలా ఉంటుందనే కదరా ఆడేది" అన్నాడు. పని నుంచి వచ్చి పాడ్‌కాస్ట్ పెట్టుకుని జంప్ కొడుతూ ఉంటాడు, ఎప్పుడో ఒకసారి ఎవరూ చూడని సిస్టమ్ తగిలితే దాని మీద శాశ్వతంగా వాడి పేరు పడుతుంది, అది చాలు వాడికి. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. వాళ్ళు ఆశ్చర్యం కోసం రావట్లేదు, ప్రశాంతత కోసం వస్తున్నారు, అది వేరే అవసరం అనొచ్చు, కానీ అలా ప్రతిదాన్నీ అవసరం కింద వేసేసుకుంటే నా థియరీ ఎప్పటికీ తప్పు అవ్వదు, అది చీటింగ్.

అదే గేమ్‌లో ఫ్యుయెల్ ర్యాట్స్ అని ఒక గుంపు ఉంది, ఎవరైనా ఇంధనం అయిపోయి ఎక్కడో చిక్కుకుంటే వందల కాంతి సంవత్సరాలు ఎగిరొచ్చి నింపి పోతారు, డబ్బేమీ తీసుకోరు. వాళ్ళు గెలాక్సీ నలుమూలలా తిరుగుతారు, కానీ ఏ మూలకి అన్నది వాళ్ళు ఎంచుకోరు, చిక్కుకున్నవాడు ఎంచుతాడు. ఇది మాత్రం నా లెక్కలోకి చక్కగా వచ్చేస్తుంది.

మైన్‌క్రాఫ్ట్‌లో కూడా నడకే పనిగా పెట్టుకున్నాయన ఒకాయన ఉన్నాడు, కర్ట్ జె. మ్యాక్, యూట్యూబర్. పాత వెర్షన్లలో మధ్య నుంచి కోటి 25 లక్షల బ్లాకుల అవతల లెక్క తప్పి నేల గోడల్లా పైకి లేచిపోయేది, దాన్ని ఫార్ లాండ్స్ అనేవాళ్ళు. 2011 సెప్టెంబర్ వెర్షన్‌లో ఆ బగ్ తీసేశారు. ఆయన అదే సంవత్సరం మార్చిలో నడక మొదలుపెట్టాడు కాబట్టి పాత వెర్షన్‌లోనే ఉండిపోయి ఏళ్ళ తరబడి నడుస్తూ వీడియోలు పెట్టాడు, పిల్లల ఆసుపత్రులకి సాయం చేసే సంస్థకి విరాళాలు కూడా సేకరించాడు. చూసేవాళ్ళు గడ్డీ చెట్లూ చూడ్డానికి రారు, ఆయన కబుర్లు వినడానికి వస్తారు.

అసలు "లాంగ్ టర్మ్" అంటే ఆపకుండా ఆడ్డం అని ఎవరన్నారు? మైన్‌క్రాఫ్ట్ ఆడేవాళ్ళలో ఒక జోక్ ఉంది, రెండు వారాల జ్వరం. ఆర్నెల్లకోసారి ఎవడో గ్రూపులో "సర్వర్ పెడదామా" అంటాడు, అందరం దూకుతాం, రెండు వారాలు నిద్ర లేకుండా ఆడతాం, డ్రాగన్‌ని చంపినా చంపకపోయినా ఒకరోజు ఎవరూ రారు, ఎవరూ ఏమీ అనరు. మళ్ళీ ఆర్నెల్లకి ఇంకో కొత్త ప్రపంచం. రోజూ లాగిన్ అయితే బోనస్ అంటూ వెంటపడే గేమ్‌ల లెక్కలో ఇది ఫెయిల్ కిందే లెక్క, వాళ్ళకి గంటలు కావాలి. నాకైతే పదేళ్ళ తర్వాత కూడా మళ్ళీ వెనక్కి లాగే గేమే గట్టిది, రోజూ పిలిచేది కాదు.

హలో గేమ్స్ వాళ్ళే 2023 డిసెంబర్‌లో లైట్ నో ఫైర్ అని ఇంకోటి ప్రకటించారు. ఈసారి 18 మీద 18 సున్నాలు కాదు, ఒక్కటే గ్రహం, భూమి అంత సైజు, అందరూ దాని మీదే. ట్రైలర్‌లో యథాప్రకారం కొండ చూపించారు, డ్రాగన్ మీద ఎక్కి ఎగరడం చూపించారు. గ్రహం ఒక్కటే కావడం నాకు బాగా నచ్చింది, అక్కడ నేను వంతెన కడితే దాని మీద నాకు తెలియనివాడు ఎవడో నడిచే ఛాన్స్ ఉంటుంది. డ్రాగన్ సంగతే డౌట్‌గా ఉంది. ఎగిరి దాటేసే లోయకి వంతెన ఎవడు కడతాడు? దాన్ని వాళ్ళు ఎలా తేలుస్తారో చూసి అప్పుడు కొంటా, అని ఇప్పుడైతే అంటున్నా.